లక్ష దాటిన స్ప్లెండర్: చీమకుర్తి దుమ్ములో ఇంజిన్ సంగతి

నా బైకు 2006 మోడల్ స్ప్లెండర్ ప్లస్, 97.2 సీసీ. మీటరు 1,12,000 కిలోమీటర్లు దాటింది. తిరుగుడంతా ఒంగోలు, చీమకుర్తి, పొదిలి రోడ్డు మీదే. బోరు (అరిగిన సిలిండర్ లోపలి గోడని కాస్త పెద్దది చేసి నునుపు చేయడం) ఒక్కసారే, 84,000 దగ్గర కొట్టించాల్సొచ్చింది. ఇప్పుడున్నది 0.25 మి.మీ. ఓవర్‌సైజ్, అంటే అసలుకంటే అంత లావు పిస్టన్. క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు), గేర్‌బాక్సు ఇంతవరకూ విప్పలేదు.

ఈ రోడ్డులో ఇంజిన్ని తినేది గ్రానైట్ లారీలు లేపే దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ దాటి లోపలికి పోయిందంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగుకీ బోరు గోడకీ మధ్య ఎమెరీ పేపర్ పెట్టి రుద్దినట్టే. అందుకే పుస్తకంలో రాసిన గడువు ఇక్కడ చాలదు, నెలకోసారి ఫిల్టర్ విప్పాలి. పేపర్ రకాన్ని గాలి గన్నుతో దగ్గర్నుంచి ఊదితే చిల్లులు పడుతుంది, మార్చేయడమే మేలు. స్పాంజి రకమైతే కిరసనాయిల్లో కడిగి, ఆరాక ఇంజనాయిల్లో తడిపి, గట్టిగా పిండి పెట్టాలి. ఎవరూ చూడనిది ఇంకొకటుంది: ఫిల్టర్ డబ్బాకీ కార్బొరేటర్‌కీ మధ్య రబ్బరు గొట్టం. పాతబడితే క్లిప్పు కింద పగులుతుంది. గొట్టం లోపల వేలు తిప్పి చూడండి. బూడిదరంగు పొడి అంటిందా, కొత్త ఫిల్టర్ వేసినా దండగే.

ఇంజనాయిల్ 10డబ్ల్యూ-30 (చిక్కదనం గ్రేడు), ప్రతి 2,000 కిలోమీటర్లకి మార్చాలి. ఇంజిన్ వెచ్చగా ఉండగానే దింపాలి. 17 నంబరు డ్రెయిన్ బోల్టు కింద అల్యూమినియం వాషర్ ప్రతిసారీ కొత్తది వేయించండి. పాతదే వేస్తే కారుతుంది, కారుతోందని బోల్టు బిగిస్తారు, కేసింగ్ మర పోతుంది. లెవెల్ చూసేటప్పుడు బండి మెయిన్ స్టాండు మీదుండాలి, డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) మర తిప్పకుండా ఊరికే ఆనించి తీయాలి.

దీనికి మార్చుకునే ఆయిల్ ఫిల్టర్ లేదు. కుడివైపు క్లచ్ కవర్ లోపల క్రాంకు చివర తిరిగే గిన్నె ఉంటుంది, మడ్డంతా దాని అంచుకే పేరుకుంటుంది. కవర్ గాస్కెట్ మార్చాల్సొస్తుందని మెకానిక్‌లు దాని జోలికి పోరు. 12,000 కిలోమీటర్లకి ఒకసారి విప్పించి తుడిపించండి, కింద ఆయిల్ వడకట్టే జాలీ కూడా. నా బండిలో మొదటిసారి తీసినప్పుడు కాటుకలాంటి ముద్ద గోటితో గీకితే గానీ రాలేదు.

పొగ రాగానే బోరు అనేవాళ్ల మాట వెంటనే నమ్మొద్దు. మనం తెల్లపొగ అనేదానిలో నీలి ఛాయ ఉంటే అది ఆయిల్ కాలే పొగ. పొద్దున స్టార్ట్ చేయగానే వచ్చి కాసేపటికి ఆగితే వాల్వ్ సీళ్లు (వాల్వుల పక్కనుంచి ఆయిల్ దిగకుండా ఆపే రబ్బర్లు), చిన్న పని. ఎత్తెక్కుతూ యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా వస్తే రింగులు. తేల్చుకోవడానికి స్పార్క్ ప్లగ్ తీసి ఆ చిల్లులో ఒక చెంచా ఆయిల్ పోసి, ప్లగ్ బిగించి కిక్ నొక్కండి. ముందుకంటే గట్టిగా తగిలితే అరుగుదల రింగుల్లోనో బోరులోనో ఉన్నట్టు. తేడా లేకపోతే వాల్వులు చూపించండి.

బోరు కొట్టించాక 500 కిలోమీటర్లకే మొదటి ఆయిల్ దింపేయండి, రింగులు కుదురుకునేటప్పుడు రాలే పొడంతా అందులోనే ఉంటుంది. ట్యాపెట్లు (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నని సందు) కూడా అప్పుడే, ఇంజిన్ పూర్తిగా చల్లారాక చూపించాలి.