వేట మేలా, సేద్యం మేలా? అబూ హురేరా ఏం చెబుతోంది

వేట, సేకరణ వదిలి సాగులోకి రావడం మనిషికి మేలు చేసిందా? దీనిపై అభిప్రాయాలు బోలెడు. రెండు బతుకులూ ఒకే దిబ్బలో, ఒకదానిమీద ఒకటిగా దొరికే చోట్లు మాత్రం తక్కువ. ఉత్తర సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున ఉన్న అబూ హురేరా అలాంటిది. ఆనకట్ట నీళ్లలో మునిగిపోతుందని తెలిసి 1972, 73లో పురావస్తు శాస్త్రవేత్త ఆండ్రూ మూర్ బృందం దాన్ని తవ్వింది. ఇప్పుడు అది అసద్ జలాశయం అడుగున ఉంది.

కింది పొరలోది సుమారు 13,000 ఏళ్ల కిందటి ఊరు. వేట, సేకరణల మీదే బతికినా జనం అక్కడ స్థిరపడ్డారు. ఏటా గుంపులుగా వలస వచ్చే గజెల్ జింకల్ని వేటాడేవాళ్లు. తినదగిన అడవి మొక్కల గింజలు, కాయలే వందకు పైగా రకాలు దొరికాయి. తిండి వరకు నా ఓటు వీళ్లకే. ఒక రకం కాయకపోతే మరోటి ఉంటుంది. పై పొరలోని రైతులకు గోధుమ, బార్లీ, పప్పుగింజలే ఆధారం. ఆ ఏడు వాన పడకపోతే ఏం తింటామన్న టెన్షన్ అక్కడే మొదలై ఉంటుంది.

పని దగ్గరికి వస్తే తేడా ఎముకల్లోనే కనిపిస్తుంది. పాత ఎముకల్ని అధ్యయనం చేసే థేయా మోలెసన్ ఈ రైతుల అస్థిపంజరాలు పరిశీలించారు. కాలి బొటనవేళ్ల కీళ్లు అరిగిపోయాయి, మోకాళ్లు, నడుము దెబ్బతిన్నాయి. ఇవి ఎక్కువగా ఆడవాళ్లవే. మన సన్నికల్లు లాంటి రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లు మడిచి, గంటల తరబడి ధాన్యం నూరిన గుర్తులవి. పిండిలో కలిసిన రాతిపొడి పళ్లనూ అరగదీసింది. సేద్యం గొప్పదని చెప్పేటప్పుడు ఆ ఆడవాళ్ల నడుములను లెక్కలోకి తీసుకోకపోవడం అన్యాయం.

మరి సేద్యమే ఎలా గెలిచింది? జనాభా వల్ల. దక్షిణాఫ్రికా ప్రాంతపు కలహారి ఎడారిలో చంకన బిడ్డతో తిరిగే వేటగాళ్ల కుటుంబాల్లో కాన్పుకీ కాన్పుకీ దాదాపు నాలుగేళ్ల ఎడం ఉండేది. ఒకచోట ఉండి జావ తాగించగలిగితే ఆ ఎడం తగ్గుతుంది. అబూ హురేరా వందల మంది ఊరు నుంచి వేల మంది ఊరైంది. అంతమందికి జింకల వేట చాలదు. ఇక వెనక్కి వెళ్లే దారి లేదు.

అయితే ఈ రెండిట్లో ఒకటే ఎంచుకోవాలన్న నియమం ఏమీ లేదు. అబూ హురేరాలో సాగు మొదలయ్యాక కూడా చాలాకాలం మాంసం జింకలదే. గొర్రెలు, మేకలు ఆ తర్వాతే పెరిగాయి. మన దక్కనులో దారి ఇంకోలా ఉంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో రేమండ్ ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ అసలు పశువుల దొడ్డి. పేడ తగలబడి దిబ్బయింది, గిట్టల ముద్రలూ దొరికాయి. బళ్లారి దగ్గరి సంగనకల్లులో పశువులతో పాటు పెసలు, ఉలవలు, చిరుధాన్యాలు పండించారు.

నాకు మేలనిపించేది ఈ కలగలుపే. పైరు ఎండితే పశువులుంటాయి, పశువులు పోతే ఉలవలు మిగులుతాయి. సేద్యంలో ఉన్న ప్రమాదమంతా నాలుగు గింజల మీదే ఊరంతా ఆధారపడటంలో ఉంది.