ఆర్‌ఎక్స్ 100తో నాలుగేళ్లు: పెన్సిల్ ప్రింట్‌లో పడని సంగతి

ఈ యమహా బండి సౌండు, పికప్ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. నాలుగేళ్లు నడిపాక నా బాధంతా ఒక్కటే, దాని ఇంజిన్ ఒరిజినలేనా అన్నది.

కొనేటప్పుడు ఊరికే కొనలేదండీ. 1994 మోడల్. కిరసనాయిలు గుడ్డతో ఇంజిన్ కేసు తుడిచి, నంబరు మీద పల్చటి కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దాను. హ్యాండిల్ కింద ఛాసిస్ నంబరుకీ అంతే. రెండు ప్రింట్లూ ఆర్సీ పక్కన పెట్టి ఒక్కో అంకె సరిచూశాను. పంచింగ్ వరస తప్పలేదు, గ్రైండింగ్ చేసిన జాడ లేదు. ఆ కాగితాలు ఆర్సీ కవర్లో దాచి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చూపించాను. ‘కంపెనీ ఇంజిన్ లాగుడంటే ఇదీ’ అని స్టాఫ్ రూములో కోతలు కోశాను కూడా.

మూడో ఏడు వేసవిలో సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే వెనక చక్రం ఠక్కున పట్టేసింది. క్లచ్ నొక్కాను కాబట్టి పడలేదు. కిక్ రాడ్ అంగుళం దిగదు. చూస్తే ఆయిల్ పంపు కేబుల్ తెగి ఉంది, ఆయిలందక పిస్టన్ పట్టేసిందన్నమాట. కిందికి దిగుతున్న ఖాళీ లారీలో ఎక్కించి సాలూరు తెచ్చాను. లారీల ఊరు కదా, సిలిండరు లోపల తరిగి సాపు చేసే రీబోరింగ్‌కి వెతుక్కోనక్కర్లేదు.

షాపులో పెద్దాయన బ్లాకు, అంటే పిస్టన్ ఆడే సిలిండరు, ఊడదీసి వెర్నియర్‌తో కొలత పెట్టాడు. తుడిచి మళ్లీ పెట్టాడు.

‘ఇదేటండి మాస్టారూ, వంద బండికి యాభై ఎనిమిది బోరేటి?’

ఆర్‌ఎక్స్ 100 బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు. పావు పావు చొప్పున ఎన్నిసార్లు బోరు తీసినా 51 దగ్గర ఆగిపోతుంది. 58 అంటే దీనికన్నా పెద్దదైన ఆర్‌ఎక్స్ 135 బ్లాకే. స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, రెండింటికీ 50 కాబట్టి 98 సీసీ బండి 132 అయి కూర్చుంది. కేసు నోటి చుట్టూ లేత్ మీద తరిగిన గీతలు వేలికి తగిలాయి. నంబరుండేది కేసు మీద, మారింది బ్లాకు. నా పెన్సిల్‌కి అదెలా తెలుస్తుంది? లీటరుకి ముప్పై దాటని మైలేజీ ముందునుంచీ చెప్తూనే ఉంది, నేనే వినలేదు. అమ్మినాయనకి తెలుసో, ఆయన చేతికే అలా వచ్చిందో మరి.

ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించి అదే బ్లాకుతో నడుపుతున్నాను. తరిగిన కేసు ఎలాగూ పూడదు. విజయనగరం నుంచి నెల్లిమర్ల స్కూలుకి రోజూ వెళ్లొచ్చే నాకు బండి మీద ఫిర్యాదు లేదు. లాగుడు బాగుంటుంది, అయితే అది వంద లాగుడు కాదు. దాచుకోడానికి కొనేవాళ్లు మాత్రం అడ్వాన్స్ ఇచ్చేముందే హెడ్ విప్పించి బోరు కొలిపించండి, అమ్మేవాళ్లు ముఖం మాడ్చుకున్నా సరే. నాకు అమ్మే ఉద్దేశం లేదు గానీ, ఉన్నా చిక్కే. వందని చెప్పి అమ్మడానికి మనసొప్పదు, నూట ముప్పై అయిదంటే ఆర్సీ ఒప్పుకోదు.