కెమెరా మీద రికార్డర్: బరంపురం పెళ్లిళ్లలో వాడాక

కెమెరా మీద బిగించి, తన తెరలో చూపిస్తూనే వీడియో రికార్డు చేసే అటోమోస్ నింజా వి రికార్డర్ బొమ్మ నాణ్యత గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. దాన్ని కెమెరాకు ఎలా బిగించాలన్నది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఒడిశాలోని గంజాం జిల్లాలో పెళ్లి వీడియోలు తీసే నాకు ఇన్నేళ్లలో తలనొప్పి తెచ్చిందీ, చివరికి సుఖపెట్టిందీ ఆ బిగింపే.

నాది సోనీ ఏ7 3 కెమెరా. కార్డులో రికార్డు చేస్తే ఇరవై తొమ్మిది నిమిషాలకు ఆగిపోతుంది. బరంపురం తెలుగువారి పెళ్లిలో జీలకర్ర బెల్లం ఘడియ మన కెమెరా కోసం ఆగదు కదా! కార్డును పక్కన పెట్టి హెచ్‌డీఎంఐ ద్వారా రికార్డర్‌లోకి తీస్తే ఆ హద్దు ఉండదు. పైగా కార్డులో 4:2:0గా పడే రంగు బయటికి 4:2:2గా, అంటే మరింత రంగు వివరంతో, వస్తుంది. పెళ్లికూతురి పట్టుచీర మీద ఫొడా కుంభ (బరంపురం పట్టు నేతకు పేరైన డిజైన్) అంచు ముదురు ఎరుపైతే ఆ తేడా ఎడిటింగ్‌లో కంటికి కనిపిస్తుంది. మెనూలో హెచ్‌డీఎంఐ ఇన్ఫో డిస్‌ప్లే ఆపడం మాత్రం మరవకూడదు. లేకపోతే తెర మీది అంకెలు కూడా పెళ్లి వీడియోలోకి ఎక్కుతాయి.

ఇక బరువు. 5.2 అంగుళాల తెర తేలికగానే ఉంటుంది. వెనక వీడియో దాచే ఎస్‌ఎస్‌డీ, పెద్ద ఎన్‌పీ-ఎఫ్ బ్యాటరీ తగిలించాక మొత్తం ఇంచుమించు కెమెరా బాడీ అంత తూగుతుంది. చాలామంది దీన్ని ఫ్లాష్ పెట్టే హాట్ షూకు, చిన్న బాల్ హెడ్‌తో (ఎటైనా తిరిగే గుండు కీలుతో) బిగిస్తారు. బరువంతా వెనక్కి లాగుతుంది కాబట్టి హోమం ముగిసేలోపు తెర మెల్లగా తల వాల్చేస్తుంది. సముద్రపు చెమ్మకు, చేతి చెమటకు బాల్ పట్టు ఇంకా సడలుతుంది.

అసలు తంటా ఒంటి స్క్రూతో. పావు అంగుళం స్క్రూను ఎంత బిగించినా దాని చుట్టూ రికార్డర్ తిరిగిపోగలదు. తిప్పడానికి చేతులకు కొదవ లేదు. "బాబూ, ఆ టీవీ కాస్త ఇటు తిప్పవా, మా అమ్మాయి కనిపిస్తుందేమో" అంటూ ఏ పెద్దావిడో తనే తిప్పేస్తుంది. బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ అమ్మవారి యాత్రలో, పులివేషం చుట్టూ మూగిన జనంలో, ఎవరి మోచేయి తగిలిందో కూడా తెలియదు.

నింజా అడుగున 3/8 అంగుళాల మర పక్కనే రెండు చిన్న రంధ్రాలుంటాయి. ఆరి కంపెనీ సినిమా కెమెరాలతో వచ్చిన పద్ధతి ఇది. ఆ రంధ్రాల్లో కూర్చునే రెండు పిన్నులున్న టిల్ట్ ఆర్మ్ కొనండి. అది పైకీ కిందికీ వంగుతుంది తప్ప గుండ్రంగా తిరగదు. దాన్ని హాట్ షూకు కాకుండా కేజ్‌కు (కెమెరా చుట్టూ తొడిగే లోహపు చట్రానికి), ఎడమ పైమూలన బిగించాను. హెచ్‌డీఎంఐ సాకెట్ అటువైపే కాబట్టి పొట్టి కేబుల్ చాలింది. ఇంతకాలంలో ఆర్మ్ అడిగిన సేవ ఒకటే: ముహూర్తాల సీజను మొదలయ్యే ముందు అల్లెన్ కీతో కీలు బిగించడం.

కేబుల్‌ను బిగింపులో భాగంగా చూడనివారు తర్వాత బాధపడతారు. మైక్రో హెచ్‌డీఎంఐ సాకెట్ ఏ కెమెరాలోనైనా సున్నితమే. పర్లాకిమిడిలో నాతో పనిచేసే కుర్రాడి కెమెరాలో, కేబుల్ ఊగీ ఊగీ సాకెట్ వదులైంది. బాగుచేసేవారు లోపలి బోర్డే మార్చాలన్నారు. కేబుల్ తలను కదలకుండా పట్టే క్లాంప్ లేని కేజ్‌ను నేను కేజ్‌గా లెక్కించను.

గోపాల్‌పూర్ ఒడ్డున మిట్టమధ్యాహ్నం వెయ్యి నిట్ల (తెర వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగు కూడా చాలదు, తెరకు గొడుగు తొడగాల్సిందే. సముద్రపు గాలికి ఆ గొడుగు తెరచాపలా నిండుతుంది. అప్పుడు తెలుస్తుంది పిన్నుల విలువ.

రికార్డర్‌లో ఫ్యాను ఉంటుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో కెమెరా మీది మైకుకు ఆ రొద వినిపిస్తుంది, కాబట్టి వరుడికి విడిగా కాలర్ మైకు పెడతాను. తలంబ్రాల వేళ ఆ గాలి రంధ్రాలను కనిపెట్టుకుని ఉండాలి. పసుపు బియ్యాన్ని పట్టకారుతో ఏరే పని ఎవరికీ వద్దు!

రికార్డర్ వాడే ప్రోరెస్ ఫార్మాట్‌లో ఎక్కువ నాణ్యత రకమైన హెచ్‌క్యూలో, సెకనుకు 25 ఫ్రేములతో 4కే తీస్తే గంటకు 330 జీబీ దాకా పోతుంది. తేలిక రకమైన ఎల్‌టీలో అందులో సగం కన్నా తక్కువ. పెళ్లికి ఎల్‌టీ చాలు.

గింబల్ (నడిచేటప్పుడు కెమెరా ఊగకుండా పట్టే పరికరం) మీద దీన్ని కెమెరాతో కలిపి నిలపాలని చూడకండి, బ్యాలెన్సు కుదరదు. గింబల్ పిడికి బిగించవచ్చు, నేనైతే తీసేసి కార్డులోకే తీస్తాను. పెద్ద తెర మాత్రమే కావాలనుకునేవారికి ఇంత హంగామా అక్కర్లేదు. రికార్డింగ్ లేని తేలికపాటి ఐదంగుళాల మానిటర్‌ను చిన్న బాల్ హెడ్డే మోస్తుంది.