‘పన్నెండు నెలల పూలతోట’ ప్యాకెట్లు కొనేముందు ఇది చదవండి

మిద్దెతోటలు పెంచుతున్న వారందరికీ ఒక హెచ్చరిక. ‘పన్నెండు నెలల పూలతోట’ అంటూ ఆన్‌లైన్‌లో విత్తనాల పెట్టెలు అమ్ముతున్నారు. ఒక్కరు కాదు, అవే బొమ్మలతో పేర్లు మార్చి చాలామంది. ఏప్రిల్‌లో విజయవాడలో మా వదిన తెప్పించుకున్నది అలాంటిదే. పోయిన డబ్బు సంగతి అలా ఉంచండి. మొలకల కోసం ఆవిడ పొద్దునా సాయంత్రం ఆ కుండీల చుట్టూ తిరగడం చూసి నాకు కడుపు మండిపోయింది. అందుకే ఇలాంటి మోసపు సరుకును ఎలా గుర్తుపట్టాలో వివరంగా రాస్తున్నాను.

పెట్టెలో పెటూనియా, పాన్సీ, ‘నీలి గులాబీ’ విత్తనాలు, కొన్ని ట్యులిప్ దుంపలు వచ్చాయి. ప్యాకెట్ల మీద రంగుల బొమ్మలే తప్ప లాట్ నంబరు లేదు, మొలక శాతం లేదు, పరీక్షించిన తేదీ లేదు, గడువు లేదు. ఈ వివరాలు లేని విత్తనం ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి.

అన్నిటికన్నా పెద్ద మోసం ఆ నీలి గులాబీ. ప్యాకెట్ విప్పితే నల్లగా నిగనిగలాడుతూ, ఆవగింజ కన్నా చిన్న గింజలు. గులాబీ గింజ అలా ఉండదు. గోధుమరంగులో, కోణాలు తేలి, ఇంతకన్నా చాలా పెద్దగా ఉంటుంది. వారం తిరిగేసరికి కుండీ నిండా తోటకూర మొలిచింది! అసలు గులాబీలో నీలిరంగునిచ్చే డెల్ఫినిడిన్ అనే వర్ణకం సహజంగా తయారు కాదు. జపాన్‌లో సంటోరీ సంస్థ జన్యుమార్పిడి చేసి 2009లో అమ్మకానికి తెచ్చిన ‘నీలి’ గులాబీ కూడా చూడటానికి లేత ఊదారంగే. పైగా గులాబీని అంటు కట్టో, కొమ్మ నాటో పెంచుతారు. గింజ వేస్తే తల్లిమొక్క పోలిక రాదు. కాబట్టి నీలి గులాబీ విత్తనాలని ఎవరు అమ్మినా అది అబద్ధమే.

ట్యులిప్ దుంప సరిగా పూయాలంటే దానికి దాదాపు మూడు నాలుగు నెలలు గట్టి చలి తగలాలి. శ్రీనగర్‌లోని ట్యులిప్ తోటే మార్చి చివర, ఏప్రిల్‌లో కొన్ని వారాలు కళకళలాడి ఆగిపోతుంది. అలాంటి దుంపను కృష్ణా తీరాన నడివేసవిలో నాటించడం దారుణం. అవి మట్టిలోనే మెత్తబడి కుళ్ళిపోయాయి. పెటూనియా, పాన్సీ మన దగ్గర పూయవని కాదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో నారు పోస్తే చలికాలమంతా పూస్తాయి. ఏప్రిల్‌లో పోస్తే లేత మొలక ఎండకు మాడిపోతుంది. ఈ ముక్క అమ్మేవారు ఎక్కడా చెప్పలేదు. అడిగితే ‘నీళ్ళు సరిగా పోయలేదేమో’ అని తప్పు మా వదిన మీదికే నెట్టారు.

ఒక పెట్టె కొని, ఒకే రోజు చల్లి, ఏడాదంతా పూలు కోసుకోవడం మన ఎండల్లో జరిగే పని కాదు. ఏ కాలానికి తగిన మొక్క ఆ కాలంలోనే కొనాలి. వేసవికి మల్లెను మించింది లేదు. చలికాలంలో నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తే ఎండలు ముదిరే వేళకు విరగబూస్తుంది. బిళ్ళగన్నేరు, నూరువరహాలు, నందివర్ధనం, కాగితంపూలు మండుటెండకు తట్టుకుంటాయి. బంతి నారు జూలైలో పోసుకుంటే దసరాకు, బతుకమ్మకు చేతికొస్తుంది. వానాకాలానికి జినియా, కోడిజుట్టు పూలు కూడా మంచివే. చలికాలం చామంతులది, డిసెంబరాలది. కనకాంబరం, మందారం మాత్రం కాస్త కనిపెట్టుకుని ఉంటే ఏడాదిలో ఎక్కువ రోజులు పూస్తూనే ఉంటాయి.

నర్సరీలో కొన్నా చామంతి దగ్గర జాగ్రత్తగా ఉండండి. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే అది మొగ్గ తొడుగుతుంది. అందుకని వేరే కాలంలో పూయించడానికి కొందరు పెంపకందార్లు సాయంత్రాలు మొక్కలకు నల్లగుడ్డ కప్పి చీకటి చేస్తారు. అలా పూసిన కుండీని వేసవిలో ఇంటికి తెస్తే ఉన్న పూలు వాడిపోయాక మళ్ళీ మొగ్గ కోసం చలికాలం దాకా ఆగాల్సిందే. ‘ఏడాదంతా ఇలాగే పూస్తుందండీ’ అని ఎవరైనా అంటే నమ్మకండి. వీలైతే కడియం నర్సరీలకో, మీ ఊరి నర్సరీకో స్వయంగా వెళ్ళి, ఇది ఏ నెలలో పూస్తుందని అడిగి, మొగ్గలతో పాటు కొత్త చిగుళ్ళు కూడా ఉన్న మొక్కను ఎంచుకోండి.

ఇప్పటికే ఇలాంటి పెట్టె తెప్పించుకున్నవారు ప్యాకెట్లు పారేయకండి. రెండువైపులా ఫొటో తీసి, ఆర్డరు వివరాలు, అమ్మకందారు జవాబులు దాచిపెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. మేమూ ఫిర్యాదు నమోదు చేశాం. మిగిలిన గింజలను ఇంకొకరికి పంచిపెట్టకండి. అవి దేని విత్తనాలో ఎవరికీ తెలియదు.