పాత తెరచాప బోటు కొనేవాళ్ళకి హెచ్చరిక: ఒడ్డున తిరిగిన చుక్కానిని నమ్మకండి

యానాం, కాకినాడ, అంతర్వేది వైపు పాత ఫైబర్ తెరచాప బోటు కొందామని తిరుగుతున్నవాళ్ళు దయచేసి ఇది చివరిదాకా చదవండి. బోటుని ఒడ్డున దుంగల మీద ఎక్కించి చూపిస్తుంటే మరీ ముఖ్యం. నేను అలా చూసే కొన్నాను. 1,85,000 పోసి కొన్న 19 అడుగుల బోటు ఐదో వారంలో నన్నూ మా బావమరిదినీ వంతెన స్తంభానికి కొట్టబోయింది.

మాది ఎదుర్లంక దగ్గర. బోటు ఒక బ్రోకరు ద్వారా వచ్చింది. రెండేళ్ళుగా నీళ్ళలోకి దిగలేదని ముందే చెప్పారు, ఆ విషయంలో అబద్ధమాడలేదు. తెరచాప బాగుంది, అడుగుభాగం గట్టిగా ఉంది. చుక్కాని కర్ర పట్టుకుని అటూ ఇటూ తిప్పాను. తిరిగింది కానీ ఎక్కడో పట్టినట్టు అనిపించి అడిగాను. "ఆయ్, ఖాళీగా పడుంది కదండీ, కొంచెం బిగుసుకుంది. నీళ్ళలోకి దిగి నాలుగు రోజులు తిరిగితే అదే వదులైపోద్దండి" అన్నాడు బ్రోకరు. వినడానికి సబబుగానే ఉంది కదా అని నమ్మేశాను.

అసలు జరిగేది దానికి పూర్తిగా ఉల్టా. ఇలాంటి బోట్లలో చుక్కాని రెక్కకి ఒక స్టీలు షాఫ్టు ఉంటుంది. అది బోటు అడుగు నుంచి పైకి వచ్చే ఫైబర్ గొట్టంలో, కింద ఒకటి పైన ఒకటి ఉన్న బుష్‌లలో (షాఫ్టు చుట్టూ ఉండే ఉంగరం లాంటి ముక్కలు) తిరుగుతుంది. పాత బోట్లలో చాలావాటికి ఆ బుష్‌లు నైలాన్‌వి. నైలాన్ నీళ్ళు పీల్చుకుంటుంది. పూర్తిగా నానితే దాని బరువులో 8, 9 శాతం దాకా నీళ్ళే పడతాయి. నానినప్పుడు ఉబ్బుతుంది. బయటివైపు గొట్టం గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి ఉబ్బడానికి ఉన్న దారి లోపలికే, అంటే షాఫ్టు మీదకే. ఒడ్డున రెండేళ్ళు ఆరిన బుష్‌లోనే షాఫ్టు పట్టినట్టు తిరుగుతోందంటే, నానాక అది బిగుసుకోకుండా ఎలా ఉంటుంది? దీనికి తోడు మన గోదావరి ఒండ్రు. ఉన్న కాస్త సందులోకీ మెత్తటి మట్టి చేరి కూరుకుపోతుంది.

మే నెల మధ్యాహ్నం, వంతెనకి దిగువన ఉన్నాం. పోటు మొదలైంది, సముద్రం గాలి కూడా ఎగువకే తోస్తోంది. బోటుని పక్కకి తిప్పుదామని కర్ర లాగితే సగం వచ్చి ఆగిపోయింది. వెనక్కి నెడితే రాలేదు. ఇద్దరం కలిసి కాళ్ళు తన్నిపెట్టి లాగినా అంగుళం కదల్లేదు. ముందు చాప దించేశాం. అయినా నీరే మమ్మల్ని స్తంభాల మీదకి మోసుకుపోతోంది. లంగరు వేస్తే మొదట బురదలో ఈడ్చుకుంటూ వచ్చింది, తాడు ఇంకా వదిలితే అప్పుడు పట్టుకుంది. స్తంభానికీ మాకూ మధ్య ఒక పంటు (రేవు దాటించే పెద్ద పడవ) పొడవుంటుందేమో. మా బావమరిదికి ఈత రాదు. లైఫ్ జాకెట్ వేసుకున్నాడు కాబట్టి సరిపోయింది గానీ, ఆ పావుగంట వాడి ముఖం నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. చివరికి వేటకెళ్ళి వస్తున్న ఇంజను నావవాళ్ళు తాడు కట్టి ఒడ్డుకి లాగారు.

ఆ తర్వాత చేసిన తప్పు నాదే. తొందరపడి, లారీ పనులు చేసే ఒక మెకానిక్‌కి అప్పగించాను. ఆయన గొట్టం చుట్టూ గ్యాస్ మంట పట్టి, షాఫ్టు నెత్తిన సమ్మెటతో కొట్టాడు. ఇనుములో ఇనుము పట్టేస్తే అది మందేమో గానీ ఇక్కడ కాదు. ఫైబర్ అంటే గాజునారకి రెసిన్ అనే జిగురు పట్టించి పేర్చిన పొరలు. సెగ తగిలితే రెసిన్ మెత్తబడి పొరలు విడిపోతాయి. గొట్టం మొదట్లో అరచేయంత మేర గోధుమరంగుకి మాడిపోయింది. దెబ్బలకి షాఫ్టు తల పుట్టగొడుగులా విచ్చుకుంది. అంతకుముందు ఓపిగ్గా నొక్కితే బుష్‌లోంచి కిందకి దిగే దారైనా ఉండేది, ఇక అది కూడా మూసుకుపోయింది. తుప్పు వదిలించే నూనెలు పోసినా లాభం లేదు, ఉబ్బిన నైలాన్‌ని నూనె కరిగించదు.

సరైన పని చేసింది తాళ్ళరేవు వైపు నుంచి వచ్చిన పెద్దాయన, పాతకాలం నావలు కట్టిన మనిషి. బోటుని దుంగల మీద నిలబెట్టి, చుక్కాని కింద నడుం లోతు గొయ్యి తవ్వించారు. షాఫ్టు పొడుగు కాబట్టి రెక్క కిందకి దిగడానికి అంత చోటు కావాలి. విచ్చుకున్న తలని ఆకురాయితో ఓపిగ్గా అరగదీశారు. పైన ఇనుప చట్రం బిగించి, మధ్యలో షాఫ్టుని కిందకి నొక్కేలా పెద్ద బోల్టు పెట్టి స్పానర్‌తో పావు చుట్టు తిప్పడం, ఆగడం, మళ్ళీ పావు చుట్టు. ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి దిగింది.

దిగాక తెలిసింది అసలు సంగతి. కింది బుష్ కూర్చునే చోట షాఫ్టు మీద సూదితో పొడిచినట్టు గుంటలు. స్టెయిన్‌లెస్ స్టీలుకి తుప్పు పట్టదని మనం అనుకుంటాం. దాన్ని కాపాడే పొర నిలబడాలంటే ఆక్సిజన్ అందాలి. ఇరుకు సందులో కదలని ఉప్పునీళ్ళుంటే ఆ పొర పోయి గుంటలు పడతాయి. వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట దిగువకి వచ్చే నీరు తక్కువ, యానాం దగ్గర గోదావరి ఉప్పగానే ఉంటుంది. ఇక రెక్క అడుగున చిన్న డ్రిల్లు రంధ్రం వేసి కింద బకెట్ పెడితే, తెల్లారేసరికి కుళ్ళు వాసనతో టీ డికాషన్ లాంటి నీళ్ళు సగం దాకా చేరాయి. రెక్క లోపల షాఫ్టుకి వెల్డింగ్ చేసిన పలకలు ఉంటాయి, చుక్కాని బలమంతా వాటి మీదే. రెక్క విప్పి చూస్తే వాటిలో ఒకటి చేత్తో కదిపితే ఊగింది. అంటే బుష్ పట్టకపోయినా, ఏదో ఒకరోజు కర్ర తిరుగుతూ రెక్క మాత్రం తిరగకుండా ఉండేది. అది ఇంకా భయం.

కొత్త బుష్‌లు డెల్రిన్‌తో అమలాపురంలో లేత్ మీద తీయించాం. డెల్రిన్ కూడా ప్లాస్టిక్కే, కానీ పూర్తిగా నానినా ఒక శాతం అటూ ఇటూగానే నీళ్ళు పడుతుంది. 38 మి.మీ. షాఫ్టుకి 0.3 మి.మీ. సందు వదిలించాం. బిగించే ముందు పెద్దాయన వాటిని పది రోజులు బకెట్ నీళ్ళలో ఉంచి మళ్ళీ కొలిపించారు. పలకలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో వేయించి రెక్క తిరిగి కట్టించేసరికి, మాడిన ఫైబర్ రిపేరుతో కలిపి 71,000 అయింది. పాత బుష్‌ని నేను అటక మీద దాచాను. దింపిన రోజు అందులో 38 మి.మీ. రాడ్డు ముక్క సుత్తి లేకుండా దూరలేదు. రెండు నెలలు ఆరాక అదే ముక్క దానంతటది జారి కిందపడింది. నాకు బోటు చూపించింది ఇలా బుష్ ఆరి ఉన్నప్పుడే.

అందుకని కొనేవాళ్ళు ఒకటే అడగండి: చుక్కాని దింపి చూపించమని. గొయ్యి కూలీ మీరే ఇస్తానని చెప్పండి. ఒప్పుకోకపోతే ఆ బోటు వదిలేయండి, ఎంత తగ్గించినా సరే. దింపడం నిజంగా కుదరని పరిస్థితి అయితే, బోటు కనీసం నెల రోజులు నీళ్ళలో ఉన్నాక కర్ర ఒక్క వేలితో తిరుగుతుందో లేదో చూశాకే మిగతా డబ్బు ఇస్తానని కాగితం రాయించుకోండి. షాఫ్టు రెక్కలోకి దిగే చోట తుప్పు నీళ్ళు కారిన గోధుమరంగు చార ఉందేమో వంగి చూడండి. పైన కొత్త పెయింటు కొట్టి ఉంటే గోరుతో గీకి చూడండి. రెక్కని నాణెంతో తట్టుకుంటూ వెళ్తే, నీరు చేరిన చోట చప్పుడు మొద్దుబారుతుంది.

ఇది ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. అదే బ్రోకరు దగ్గర ఇలాంటిదే ఇంకో బోటు ఉంది, నీలం రంగుది, కొబ్బరిమట్టల పాక కింద ఎక్కించి ఉంచారు. నిన్న వెళ్ళి చూశాను. కర్ర తిరుగుతోంది, కొంచెం పట్టినట్టు. షాఫ్టు మొదట్లో చార కూడా ఉంది. వచ్చే ఆదివారం ఎవరో చూడ్డానికి వస్తున్నారని చెప్పాడు. ఆ వచ్చేవాళ్ళు మీరే అయితే, అడ్వాన్సు ఇచ్చేముందు ఇక్కడ నాకో మాట రాయండి. పాత బుష్, రాడ్డు ముక్క పట్టుకుని నేనే వస్తాను.