మెడబెల్టు, వేలాడే తూకం, ఫోన్: మూడేళ్లు వాడాక మా కొట్టంలో నిలిచినవి

మాది అనంతపురం జిల్లా, నార్పల దగ్గర ఒక పల్లె. తొమ్మిది హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులు, నాలుగు ఎనుములు (గేదెలు) ఉన్నాయి. నాయన కాలంలో చెనిక్కాయ (వేరుశనగ) మీదే బతికినోళ్లం. వానను నమ్ముకుని బతకలేమని పాడి పెంచుకుంటూ వచ్చాం. మూడేళ్ల కింద డెయిరీకి పనికొస్తుందని ఎవరు ఏ పరికరం చూపించినా కొనేశాను. వాటిలో కొన్ని రోజూ వాడుతున్నాం, కొన్ని అటక మీద ఉన్నాయి. ఇప్పుడు కొనాలనుకునే వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అందరూ అడిగేది మెడబెల్టు గురించే. ఆరు బెల్టులు, బెల్టుల సమాచారం అందుకుని పంపేందుకు కొట్టంలో బిగించే గేట్‌వే డబ్బా, ఏడాది చందా కలిపితే ఒక మంచి పాడావు ధర దగ్గరికి పోయింది. బెల్టు లోపల కదలికను పట్టే సెన్సార్ ఉంటుంది. ఆవు ఎంత తింటోంది, ఎంతసేపు నెమరేస్తోంది, ఎంత తిరుగుతోంది అని మొదట కొన్ని రోజులు గమనిస్తుంది. ఆ ఆవు అలవాటు పట్టుకున్నాక, తేడా వస్తే ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. కృత్రిమ మేధ (ఏఐ) అని వాళ్లు చెప్పేది ఈ లెక్కనే. పాడి రైతుకు ఏఐ అంటే కృత్రిమ గర్భధారణ కదా, అందుకే మా ఇంట్లో దీన్ని బెల్టు లెక్క అనే అంటాం.

దీనికి ఇంత డబ్బు ఎందుకు పెట్టాలంటే, ఎద, అంటే ఆవు చూడి కట్టడానికి సిద్ధమయ్యే సమయం, తప్పిపోవడం వల్ల. ఆవు ఎద 12 నుంచి 18 గంటలే ఉంటుంది, అదీ చాలాసార్లు రాత్రిపూట మొదలవుతుంది. పొద్దున కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున సెమెన్ వేయించాలి. ఆ పూట దాటితే మళ్లీ 21 రోజులు ఆగాలి. ఆ 21 రోజుల మేత ఖర్చు మనదే, చూడి ఆలస్యమైన కొద్దీ వచ్చే ఈతా వెనక్కి పోతుంది. బెల్టు వేయకముందు మేము ఒక్కో ఆవుకు రెండు మూడు ఎదలు వదిలేసుకున్న సందర్భాలున్నాయి. వేశాక అలా తప్పడం అరుదు. తెల్లవారుజామున మెసేజ్ వస్తే మా ఊళ్లో సెమెన్ వేసే గోపాలమిత్రకు ఫోన్ చేస్తాను. మొదట్లో "అన్నా, నువ్వు కళ్లతో చూసినావా, ఫోన్ చూసి చెప్తాండావా?" అని అడిగేవాడు. ఇప్పుడు "ఎన్ని గంటలకు మొదలైందంట?" అని మాత్రమే అడుగుతాడు. ఆ టైమును బట్టే బయలుదేరుతాడు.

ఆవుల మాట అది. ఎనుముల సంగతి వేరు. ఎనుములకు మూగ ఎద, అంటే గుర్తులు సరిగా బయటపడని ఎద, ఎక్కువ, ఎండాకాలంలో మరీ ఎక్కువ. ఒకదాని మీద ఒకటి ఎక్కడం, అటూ ఇటూ తిరగడం తక్కువ. బెల్టు చూసేది కదలికనే కాబట్టి మా రెండు ఎనుములకు వేసినా సగం ఎదలు పట్టుకోలేదు. మాటిమాటికీ ఉచ్చ పోయడం, అరవడం, జిగురు తీగ వేయడం చూసి నాయన చెప్పిందే నిజమయ్యేది. మీ కొట్టంలో ఉన్నవన్నీ ఎనుములే అయితే బెల్టు కోసం అప్పు చేయకండి.

పోయిన ఏడాది శ్రావణంలో ఒక రాత్రి జరిగింది చెప్తాను. రెండు గంటలప్పుడు ఫోన్ మోగింది. మా గౌరి నెమరు మామూలుగా ఎనిమిది గంటల దాకా ఉండేది, ఆ రోజు సగానికి పడిపోయిందని మెసేజ్. టార్చి పట్టుకుని పోయాను. నిలబడే ఉంది, చెవులు వేలాడేసింది. దాణా తొట్టిలో సాయంత్రం వేసింది వేసినట్టే ఉంది. థర్మామీటర్ పెడితే 104 దగ్గరికి వచ్చింది. పొదుగు చూస్తే వాపేమీ తెలియలేదు. నాలుగు గుంటల ప్యాడిల్‌లో నాలుగు చన్నుల పాలు వేరువేరుగా పిండి, పొదుగువాపు రోగాన్ని పసిగట్టే సీఎంటీ ద్రావణం పోసి తిప్పాను. మూడు గుంటల్లో పాలు నీళ్లలా తిరిగాయి. వెనక కుడి చన్నుది గంజిలా చిక్కబడి ఒక్క ముద్దగా జారింది. తెల్లారి డాక్టర్ సార్ వచ్చి మందు మొదలుపెట్టారు. ఆ చన్ను నిలిచింది. అదే కొట్టంలో అంతకు ముందు ఏడాది ఇంకో ఆవుకు ఒక చన్ను పూర్తిగా ఎండిపోయింది, మేము రెండు రోజులు ఆలస్యంగా కనిపెట్టడం వల్ల. గౌరి దగ్గర బెల్టు నన్ను నిద్ర లేపింది, రోగం ఎక్కడుందో చూపించింది మాత్రం ఆ ప్లాస్టిక్ ప్యాడిల్. దాని ఖరీదు బెల్టు ముందు లెక్కలోకే రాదు.

బెల్టుతో పడిన ఇబ్బందులు కూడా చెప్పాలి. కరెంటు పోతే గేట్‌వే ఆగిపోతుంది. చిన్న ఇన్వర్టర్ పెట్టుకునేదాకా ఎండాకాలం రాత్రుల్లో వచ్చిన ఎదలు కొన్ని తప్పాయి. మెసేజ్‌లు మొదట ఇంగ్లీషులోనే వచ్చేవి. నేను ఊళ్లో లేనప్పుడు అమ్మ ఫోన్‌కు వచ్చినా ఆమెకు తెలిసేది కాదు. ఒక బెల్టు పాడైతే మార్చడానికి అమ్మినవాళ్లు నలభై రోజులు తిప్పారు. కొనేముందు మూడు అడగండి: తెలుగులో మెసేజ్ వస్తుందా, చందా కట్టకపోతే పాత లెక్కలు మనకు ఉంటాయా, రిపేరుకు మనిషి ఏ ఊరి నుంచి వస్తాడు?

ఇంత రాసినా, మా ఇంట్లో ఎక్కువ డబ్బు మిగిల్చింది బెల్టు కాదు, కొక్కానికి వేలాడే డిజిటల్ తూకం. రెండు పూటలా ఏ ఆవు పాలు ఆ ఆవువే తూచి, చెవి ట్యాగులోని చివరి నాలుగు అంకెల పక్కన రాస్తాం. నెల తిరిగేసరికి, బాగా ఇస్తోందని మేము మురిసిపోయే ఆవు ఒకటి తిన్నదానికి కూడా ఇవ్వడం లేదని తెలిసింది. సంకర ఆవుకు ఒంటి పోషణకు ఒకటిన్నర, రెండు కిలోలు, ఆపైన ప్రతి రెండున్నర కిలోల పాలకు ఒక కిలో దాణా అని లెక్క. మేము అన్నింటికీ ఒకే చేటతో వేసేవాళ్లం. ఎక్కువ ఇచ్చేవాటికి చాలలేదు, వట్టిపోయేవాటికి కొవ్వు పట్టింది. ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి మండలి) వాళ్ల పశు పోషణ్ యాప్‌లో బరువు, పాలు, వెన్న శాతం, మన దగ్గరున్న మేత వేస్తే ఏది ఎంత వేయాలో చెప్తుంది. చెనిక్కాయ కట్టె, సూపర్ నేపియర్ గడ్డి, మొక్కజొన్న సైలేజ్ (పాతర మేత) వేసి చూశాను. దాణా ఖర్చు తగ్గింది, ఖనిజ లవణ మిశ్రమం ఎంత తక్కువ వేస్తున్నామో అప్పుడు అర్థమైంది. కానీ తూకం లేకుండా ఈ యాప్ పెట్టుకుంటే అంచనా మీద అంచనా వేసినట్టే.

ఫ్యాన్లు, నీటి తుంపరలకు టైమర్ పెట్టించాం. మా పొడి ఎండలకు బాగా పనిచేస్తుంది. వాన ముసురు రోజుల్లో తుంపరలు ఆపి ఫ్యాన్లు మాత్రమే వేస్తాం, లేకపోతే ఉక్క పెరుగుతుంది.

ఫోటో పెడితే రోగం చెప్పే యాప్ తీసేశాను. ఒంటి మీద దద్దుర్లు చూసి ముద్దచర్మం (లంపీ) రోగం అని చెప్పి ఇల్లంతా భయపెట్టింది, డాక్టర్ సార్ చూస్తే పురుగు కాటు. ఫోన్‌లో మాట్లాడే ఏఐని దాణా మిశ్రమం లెక్కలకూ, మందు డబ్బా మీది ఇంగ్లీషు చదివించుకోవడానికీ వాడతాను. ఒకసారి మందు మోతాదు అడిగితే చెప్పింది కానీ, ఆ మందు వేశాక ఎన్ని రోజులు పాలు పోయకూడదో చెప్పలేదు. ఆ పాలు ఎవరి పిల్లలు తాగుతారో మనకు తెలియదు. అప్పటినుంచి మందు మాటకు డాక్టర్ సార్‌నే అడుగుతాను, ఆయన దొరక్కపోతే పశువైద్య సహాయానికి ఉన్న 1962కి ఫోన్ చేస్తాను.

ఈ నెల చందా కట్టేముందు ఎనుముల మెడలో ఉన్న రెండు బెల్టులూ విప్పేశాం. తొలిసారి ఎదకు రావాల్సిన రెండు పెయ్యలు ఉన్నాయి, వాటికి వేశాం. ఎనుములను ఎప్పటిలాగే తెల్లవారుజామున నాయన చూసుకుంటున్నాడు.