స్కానరా, మల్టీమీటరా, సెన్సర్ మార్చి చూడటమా: ఇంజిన్ లోపం పట్టడానికి ఏది మేలు?

అలిపిరిలో తనిఖీ ముగించుకుని రెండో ఘాట్ రోడ్డు మీద తిరుమలకు ఎక్కుతున్న మా ఏడు సీట్ల డీజిల్ బండి, ఎత్తు పెరిగే మలుపుల దగ్గర ఉన్నట్టుండి పికప్ కోల్పోయి, చెక్ ఇంజిన్ లైటు వెలిగి, ఎంత తొక్కినా పాకుతున్నట్టు నడిచేది. పక్కకు ఆపి, తాళం తీసి, రెండు నిమిషాల తరువాత మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే పైకి చేరేది. రేణిగుంట రోడ్డు మీద, చంద్రగిరి వైపు ఎంత తిప్పినా ఆ లోపం బయటపడేది కాదు. దర్శనం టికెట్టు మీద ఉన్న సమయానికి యాత్రికులను కొండ మీదికి చేర్చవలసిన బండికి ఇది చిన్న ఇబ్బంది కాదు. ఒక షెడ్డులో, బండి కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్‌లను చదివే స్కానర్ పెట్టి చూస్తే కామన్ రైల్ (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టం) పీడనం, టర్బో పీడనం, ఈజీఆర్ వాల్వ్ (పొగను కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) స్థానం అనే మూడింటికీ సిగ్నల్ తక్కువగా వస్తోందని మూడు కోడ్‌లు కనిపించాయి. మూడు సెన్సర్లూ పోయాయన్నారు. ఖరీదైన రైల్ సెన్సర్‌ను మార్చారు కూడా. మరుసటి ప్రయాణంలో బండి అవే మలుపుల్లో మళ్లీ చతికిలబడింది.

ఇలాంటి లోపాన్ని పట్టడానికి మన దగ్గర సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి: స్కానర్ చెప్పినది నమ్మి నడుచుకోవడం, అనుమానం ఉన్న సెన్సర్‌ను తీసి కొత్తది వేసి చూడటం, మల్టీమీటర్ పట్టుకుని వైరు వెంబడి వెళ్లడం. నాలుగోది వోల్టేజి మార్పులను అలలుగా గీసి చూపే ఆసిలోస్కోప్, అది ఉన్న షెడ్డులు తక్కువ. వీటిలో ఏది మేలో తేల్చాలంటే, ముందుగా కోడ్ అంటే ఏమిటో సరిగ్గా అర్థం చేసుకోవాలి.

ఇంజిన్ నీటి వేడిని కొలిచే సెన్సర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దానికి రెండే వైర్లు ఉంటాయి. ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, తనలో ఉన్న ఒక నిరోధం గుండా 5 వోల్టులు పంపి, సెన్సర్ దగ్గర ఎంత మిగిలిందో చూసుకుంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఈ సెన్సర్ నిరోధం సుమారు 2 నుంచి 3 వేల ఓమ్‌లు ఉండి, వేడెక్కే కొద్దీ తగ్గుతూ కొన్ని వందల ఓమ్‌లకు దిగుతుంది. వైర్లను సెన్సర్‌కు కలిపే కప్లర్ ఊడినా, వైరు తెగినా, సెన్సర్ లోపల తెగిపోయినా ఈసీయూకు కనిపించేది ఒక్కటే: 5 వోల్టులు తగ్గకుండా అలాగే నిలిచి ఉండటం. అప్పుడు అది ఇంజిన్ నీటి వేడిని మైనస్ 40 డిగ్రీలుగా లెక్కగట్టి, పి0118 అనే కోడ్ రాసుకుంటుంది. ఆ కోడ్ అసలు అర్థం ‘నీటి వేడి సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజి ఎక్కువగా ఉంది’ అని మాత్రమే. సెన్సర్ చెడిపోయిందన్న మాట అందులో ఎక్కడా లేదు. కోడ్ పేర్కొనేది మొత్తం సర్క్యూట్‌ను. ఆ సర్క్యూట్‌లో సెన్సర్‌తో పాటు రెండు వైర్లు, రెండు కొసల్లో కప్లర్లు, ఎర్త్, ఈసీయూ అన్నీ భాగస్వాములే.

అలాగని స్కానర్‌ను తీసిపారేయడం అన్యాయం. బ్యాటరీ కరెంటు 16వ పిన్నులోనూ, ఎర్త్ 4, 5 పిన్నుల్లోనూ ఉండే ఆ పదహారు పిన్నుల సాకెట్ ఇప్పుడు దాదాపు ప్రతి కారులోనూ స్టీరింగు కింద ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాక బండిలో సెన్సర్లు ఎంత పెరిగాయంటే, స్కానర్ లేకుండా ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియని స్థితి ఏర్పడింది. స్కానర్ గొప్పతనం కోడ్ కంటే, సెన్సర్లు ఆ క్షణంలో చెబుతున్న అంకెలను చూపే లైవ్ డేటాలో ఉందని నా నమ్మకం. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో ఉదయాన్నే తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూస్తే, నీటి వేడీ లోపలికి పీల్చే గాలి వేడీ కొద్ది డిగ్రీల తేడాతో ఒకటిగానే ఉండాలి; ఒకటి 29 చూపించి మరొకటి 55 చూపిస్తే అబద్ధం చెబుతున్నది ఏదో చేతితో ముట్టుకుంటే తెలిసిపోతుంది. మన ఊరివాళ్లకు మరొక సౌకర్యం కూడా ఉంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) పీడన సెన్సర్ బయటి వాతావరణ పీడనాన్నే చూపించాలి. తిరుపతిలో అది సుమారు 99 లేక 100 కిలోపాస్కల్‌లు ఉంటుంది. సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్న తిరుమలలో 91కి దగ్గరగా దిగాలి. పైసా ఖర్చు లేకుండా, ఒక కొండ ప్రయాణంతో ఆ సెన్సర్ నిజాయితీని పరీక్షించుకోవచ్చు. లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ వేగం, దాని మీద పడిన బరువు, వేడి ఎంత ఉన్నాయో చెప్పే ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు కూడా విలువైనవి. కోడ్‌లు చెరిపేస్తే అవి కూడా పోతాయి కాబట్టి, చెరిపే ముందు ఫోనులో ఫోటో తీసుకోవడం తప్పనిసరి.

వేడి సెన్సర్ల విషయంలో అయితే స్కానర్‌తోనే తీర్పు దాకా వెళ్లవచ్చు. కప్లర్ ఊడదీస్తే మైనస్ 40 చూపించాలి; ఊడదీసిన కప్లర్‌లోని రెండు పిన్నులను చిన్న వైరుతో కలిపితే అంకె 120 డిగ్రీలకు పైకి ఎగబాకాలి. రెండూ జరిగితే వైరింగు, ఈసీయూ బాగున్నట్టే. అప్పుడు మాత్రమే సెన్సర్ కొనాలి. అయితే మూడు వైర్లున్న సెన్సర్ల మీద ఈ పని చేయకూడదు, ఏ పిన్నును దేనితో కలుపుతున్నామో తెలియకపోతే ఈసీయూకే ప్రమాదం.

ఇక సెన్సర్ మార్చి చూడటం. దీన్ని పూర్తిగా తప్పు అనలేను. పెట్రోల్ బండిలో ఒక సిలిండర్ మిస్సవుతున్నప్పుడు ఆ సిలిండర్ కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి, కోడ్ కూడా పి0301 నుంచి పి0302కి జరిగితే కాయిల్‌దే తప్పని తేల్చడం చక్కటి పద్ధతి. ఎందుకంటే అక్కడ కొత్తగా ఏదీ కొనలేదు. కొని వేసి చూడటం అలా కాదు. కరెంటు పార్టు ఒకసారి బిగించాక దుకాణదారు వెనక్కి తీసుకోడు. డీజిల్ ఇంజెక్టర్ల వంటి వాటికి కొత్త పార్టు వేసిన తరువాత దాని కోడ్‌ను ఈసీయూకు నేర్పవలసి కూడా ఉంటుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. సెన్సర్ మార్చేటప్పుడు కప్లర్‌ను ఊడదీసి మళ్లీ గట్టిగా నొక్కుతాము; పిన్నుల మీద పేరుకున్న పచ్చటి చిలుము ఆ రాపిడికే కొంత తొలగి, లోపం పది రోజులు మాయమవుతుంది. ఆ పుణ్యం కొత్త సెన్సర్ ఖాతాలో పడుతుంది, పాత సెన్సర్ చెత్తబుట్టలో పడుతుంది. వాటిలో ఎన్నో మంచివేనని ఆలోచిస్తే మనసుకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ డబ్బు చాలాసార్లు వాయిదాల మీద బండి నడుపుకునే డ్రైవరుది.

మా బండి సంగతి తేల్చినది మల్టీమీటరే. ఎన్నో ఏళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్న ఒక పెద్దాయన మూడు కోడ్‌ల ఫోటో చూసి, “అన్నా, మూడు సెన్సర్లు ఒకే మలుపులో ఒకేసారి పోతాయా? ఆ మూడింటికీ కలిసి వచ్చేది ఏముందో చూద్దాం” అన్నాడు. కలిసి వచ్చేది ఈసీయూ ఇచ్చే 5 వోల్టుల లైను. పీడన సెన్సర్లకు మూడు వైర్లుంటాయి: ఒకటి 5 వోల్టులది, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్, అది సాధారణంగా 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య ఆడుతుంది. చాలా బండ్లలో ఒకే 5 వోల్టుల లైను రెండు మూడు సెన్సర్లకు పంచి ఉంటుంది కాబట్టి, అది ఎక్కడ బాడీకి తగిలినా ఆ సెన్సర్లన్నీ ఒకేసారి పడిపోతాయి. కప్లర్ ఊడదీయకుండా, వెనుక నుంచి సన్నటి పిన్ను గుచ్చి కొలిస్తే ఆగి ఉన్న బండిలో 5.02 వోల్టులు చక్కగా కనిపించాయి. అక్కడితో ఆగిపోయి ఉంటే మల్టీమీటర్ కూడా తప్పు చెప్పినట్టే అయ్యేది. కానీ ఆయన ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ ఎలా ఉంటుందో ఆలోచించాడు. బరువు పడినప్పుడు ఇంజిన్ తన మౌంటింగుల మీద ఒక పక్కకు ఒరుగుతుంది. చక్రాలకు అడ్డలు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, బండి ముందు ఎవరూ నిలబడకుండా చూసుకుని, గేరు వేసి క్లచ్ కొద్దిగా వదలగానే ఇంజిన్ ఒరిగింది; మీటరులో 5 వోల్టులు 0.3కి పడిపోయాయి.

తరువాతి మెట్టు తెలిసిన వాళ్లకు సులభమైనది. మూడు సెన్సర్ల కప్లర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ అదే పరీక్ష చేయాలి. ఏదైనా ఒకటి ఊడదీయగానే వోల్టేజి పడిపోవడం ఆగితే ఆ సెన్సర్ లోపలే షార్ట్ ఉన్నట్టు. మూడూ ఊడదీసినా పడిపోతూనే ఉంటే తప్పు వైరుది. మాకు రెండోదే ఎదురైంది. ఇంజిన్ వెనుక భాగంలో ఒక ఇనుప బ్రాకెట్ అంచుకు రాసుకుని రాసుకుని ఒక వైరు తొడుగు గోరంత మేర అరిగిపోయి ఉంది. దాన్ని అతికి, తొడుగు వేసి, బ్రాకెట్‌కు దూరంగా క్లిప్పు బిగించడానికి అయిన ఖర్చు, అంతకు ముందు అనవసరంగా వేసిన సెన్సర్ ధర ముందు లెక్కలోకి రాదు.

మీటరు ఉంటే సరిపోదు, దాన్ని ఏ గుర్తు మీద పెట్టి కొలుస్తున్నామన్నది ముఖ్యం. చాలామంది ఓమ్‌ల మీద పెట్టి, ‘బీప్’ శబ్దం వినగానే వైరు బాగుందని నమ్ముతారు. ఈ నమ్మకమే ఎక్కువ మోసం చేస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 200 ఆంపియర్ల కరెంటు పారే ఎర్త్ కేబుల్‌లో 0.01 ఓమ్ అదనపు నిరోధం ఉన్నా 2 వోల్టులు అక్కడే కరిగిపోతాయి, 0.01 ఓమ్‌ను మన చేతిలోని మామూలు మీటరు పట్టలేదు, అది సున్నా అనే చూపిస్తుంది. అందుకే కరెంటు పారుతున్నప్పుడు వోల్టేజి పతనాన్ని కొలవాలి. మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొసను ఇంజిన్ బ్లాకు మీద ఉంచి సెల్ఫ్ కొట్టించినప్పుడు 0.2 వోల్టు దాటితే అనుమానించాలి, 0.5 దాటితే ఆ కేబుల్‌ను విప్పి శుభ్రం చేయక తప్పదు. సెన్సర్ ఎర్త్ విషయంలో 0.1 వోల్టు కూడా ఎక్కువే. బ్యాటరీ ఆరోగ్యం అన్నింటికంటే ముందు చూడవలసినది: నిలిపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6కు తగ్గకుండా ఉండాలి. అది పడిపోతే ఈసీయూ లేనిపోని కోడ్‌లు రాసుకుంటుంది.

పాతకాలపు టెస్ట్ బల్బు మేలా, మీటరు మేలా అన్న వాదం కూడా ఇక్కడే తేలిపోతుంది. మంచి డిజిటల్ మీటరు 10 మెగా ఓమ్‌ల నిరోధంతో కొలుస్తుంది కాబట్టి కరెంటును దాదాపు లాగదు. ఈసీయూ వైర్ల మీద అదే సురక్షితం. బల్బు కరెంటు లాగుతుంది. అందువల్ల ఫ్యూజు, రిలే, హార్న్, హెడ్‌లైటు వైర్లలో బరువు మోయగల శక్తి ఉందో లేదో అది మీటరు కంటే నిజాయితీగా చెబుతుంది. 21 వాట్ల బల్బు 12 వోల్టుల మీద సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది. అదే బల్బును 5 వోల్టుల సెన్సర్ లైను మీద పెడితే ఈసీయూ కాలిపోవచ్చు. ఎయిర్ బ్యాగు పసుపు కప్లర్లకూ, హైబ్రిడ్ బండ్లలోని నారింజ రంగు కేబుళ్లకూ బల్బూ వద్దు, మీటరూ వద్దు. అవి శిక్షణ ఉన్నవారి పని.

మీటరుకు అందనిది కూడా ఒకటి ఉంది. ఇంజిన్ ఎంత తిరిగిందో చెప్పే క్రాంక్ సెన్సర్ ముందు తిరిగే పళ్ల చక్రంలో చాలా బండ్లకు అరవై పళ్లకు చోటుండి రెండు ఖాళీగా ఉంటాయి. ఒక్కో పన్నుకు 6 డిగ్రీలు. ఇంజిన్ నిమిషానికి వేల చుట్లు తిరుగుతున్నప్పుడు మధ్యలో ఒక్క పన్ను సిగ్నల్ తప్పినా ఇంజిన్ కుదుపుతుంది, మీటరు మాత్రం సగటు అంకెనే చూపిస్తూ కూర్చుంటుంది. అలాంటి వేళ ఆసిలోస్కోప్ గీసే అలలే సాక్ష్యం. బంగారుపాళెం మామిడి లోడుతో మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు క్షణం పాటు ఆగి మళ్లీ అందుకునే బండిని, ఎక్కడా కోడ్ లేకపోతే, నేను ఆ పరికరం ఉన్న చోటికే పంపుతాను.

కాబట్టి ఒక్కటే కొనగలిగిన డ్రైవరుకు నేను స్కానర్ కంటే ముందుగా మంచి మల్టీమీటరునే చెబుతాను. కోడ్ చదివించుకోవడం ఏ షెడ్డులోనైనా జరుగుతుంది, వైరు వెంబడి ఓపికగా వెళ్లడం అన్నిచోట్లా జరగదు. రెండూ కొనగలిగితే బ్లూటూత్‌తో ఫోనుకు కలిసే చిన్న స్కానర్ చాలు, దానితో లైవ్ డేటా చూసి సర్క్యూట్‌ను గుర్తించి, మీటరుతో అందులో తప్పు ఏ ముక్కదో తేల్చుకోవచ్చు. సొంతంగా చేయలేనివారు బండిని షెడ్డులో వదిలేటప్పుడు ఒక్క మాట అడగాలి: సెన్సర్ తెప్పించే ముందు దాని కప్లర్ దగ్గర 5 వోల్టులు ఎంత వచ్చాయో, ఎర్త్‌లో పతనం ఎంత ఉందో, ఆ రెండు అంకెలను బిల్లు మీద రాసి ఇవ్వమని. పని తెలిసిన మనిషికి అది అయిదు నిమిషాల పని.